బురద ఖరీదు చూడదు

గత వానాకాలంలో ఒకే వారంలో ఇద్దరు మనుషులు మా ఇంటి వసారాలో నా ఎదుట కూర్చొని కాళ్లు చాపారు. పదవీ విరమణ చేసి చాలా సంవత్సరాలైనా, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో నేను పనిచేసిన కాలంలో పరిచయమైన కుటుంబాలవారు ఇప్పటికీ సలహా కోసం వస్తూనే ఉంటారు.

మొదటి వ్యక్తి కోదాడలో వ్యాపారం చేసుకునే మనిషి. వయసు యాభై దాటింది, పన్నెండేళ్లుగా మధుమేహం. కుటుంబంతో కలిసి కేరళ కొండలకు విహారయాత్రకు వెళ్లి వచ్చాడు. ఆ యాత్ర కోసమని తొమ్మిది వేల రూపాయలు పెట్టి నీరు చొరబడని బూట్లు కొన్నాడు. రెండో రోజున వాగు దాటుతుండగా నీళ్లు బూటు పైఅంచు నుండి లోపలికి దిగాయి. ఆ నీటితోనే సాయంత్రం దాకా బురద దారిలో నడిచాడు. మడమ మీద బొబ్బ లేచింది, పగిలింది. మధుమేహం వలన పాదంలో స్పర్శ మందగించింది కనుక అతనికి ఆ సంగతే తెలియలేదు. నా దగ్గరికి వచ్చేనాటికి పుండు లోతుకు దిగి చీము పట్టింది. “వాటర్‌ప్రూఫ్ అని గ్యారంటీ ఇచ్చిండు సార్. తొమ్మిది వేలు పెట్టిన. మరి ఇదేంది?” అని అడిగాడు.

రెండవ వ్యక్తి మిర్యాలగూడ దగ్గరి పల్లె నుండి వచ్చిన నాటు కూలీ. ఆమె కాలివేళ్ల సందులు నాని, తెల్లబడి, చిట్లి, రసి కారుతున్నాయి. నెల రోజులుగా పొద్దంతా వట్టి కాళ్లతో మడిలోనే ఉంది. ఎన్నాళ్లయిందమ్మా అంటే, “నాటుకు పోతే ఇట్లనే అయితది గద సారూ. నాట్లు అయిపోతే అదే తగ్గుతది” అన్నది. ఆమె వచ్చింది తన కాలి కోసం కాదు, మనుమడి జ్వరం కోసం. కాళ్లు చూపమని నేనే అడిగాను.

ఒకరిది తొమ్మిది వేల బూటు, మరొకరిది వట్టి కాలు. నీటిలో నాని చిట్లిన చర్మం మాత్రం ఇద్దరిదీ ఒకటే. అతని బూటు నీటిని లోపల బంధించింది. ఆమెకు నీటి నుండి తప్పించుకునే దారే లేదు. ఇద్దరి విషయంలోనూ తప్పు వారిది కాదని నేను వాదిస్తున్నాను. బురదలో నడిచే పాదానికి ఏది కావాలో అమ్మేవాళ్లు చెప్పలేదు, చెప్పవలసిన వైద్యులమైన మేమూ చెప్పలేదు.

బూటుకున్న పెద్ద రంధ్రం

వానాకాలం రాగానే మన పట్టణాల నుండి కార్లు బయలుదేరుతాయి. కొందరు ములుగు జిల్లా బొగత జలపాతానికి, కొందరు అరకు, అనంతగిరి కొండలకు, మరికొందరు కొడగు, మున్నార్, మేఘాలయలకు, స్థోమత గలవారు బాలి, థాయిలాండ్‌లకు వెళతారు. వెళ్లే ముందు పాదరక్షల దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న “నీళ్లు పోతాయా?” అనేదే. ఆ ప్రశ్నలోనే పొరపాటు ఉంది.

నీరు చొరబడని బూటులో లోపల ఒక సన్నని పొర ఉంటుంది. అది బయటి నీటి బొట్లను ఆపి, లోపలి చెమట ఆవిరిని బయటికి పంపాలి. ఇది చల్లని, పొడి గాలి ఉన్న ప్రదేశాలలో బాగా పనిచేస్తుంది. లోపల వెచ్చగా, బయట చల్లగా ఉన్నప్పుడే ఆవిరి బయటికి కదులుతుంది. ఉష్ణమండలపు వానాకాలంలో బయటి గాలి కూడా వేడిగా, తేమతో నిండి ఉంటుంది. అప్పుడు చెమట లోపలే నిలుస్తుంది. పైగా బూటుకు అన్నిటికన్నా పెద్ద రంధ్రం మనం కాలు పెట్టే రంధ్రమే. మోకాటి లోతు వాగులో ఏ పొర ఆ రంధ్రాన్ని మూస్తుంది? ఒకసారి నీరు లోపల చేరితే, బయటి నీటిని ఆపిన పొరే లోపలి నీటిని బయటికి పోనివ్వదు. ఆ బూటు రాత్రంతా ఆరబెట్టినా ఆరదు. మర్నాడు ఉదయం తడి బూటులోనే మళ్లీ కాలు పెట్టవలసి వస్తుంది.

చర్మం పై పొర కొన్ని గంటలు నీటిలో నానితే ఉబ్బి మెత్తబడుతుంది. మెత్తబడిన చర్మం రాపిడికి తట్టుకోలేదు, బొబ్బలు లేస్తాయి. వేళ్ల సందులలో శిలీంధ్రాలు పెరుగుతాయి. మన జనం ఒరుపులు అనేవి ఇవే. చిట్లిన చోటు నుండి సూక్ష్మక్రిములు లోపలికి ప్రవేశిస్తాయి. మధుమేహం లేనివారికి ఇది వారం రోజుల బాధ. మధుమేహం ముదిరినవారికి ఇది వేలు తీసివేయడంతో మొదలై కాలు తీసివేయడం దాకా పోగల వ్యవహారం. నా ఉద్యోగ జీవితంలో అటువంటి కాళ్లను నేను లెక్కకు మించి చూశాను.

ఈ పాఠాన్ని సైన్యాలు చాలా మూల్యం చెల్లించి నేర్చుకున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల నీటిలో రోజుల తరబడి నిలబడిన సైనికుల పాదాలు కుళ్లిపోయాయి. వియత్నాం యుద్ధంలో వరి మడులలోను, చిత్తడి నేలలలోను తిరిగిన అమెరికా సైనికులకు పాదాలు నానిపోవడం పెద్ద సమస్య అయింది. అడవుల కోసం ఆ సైన్యం వాడిన బూటును గమనించండి. పైభాగంలో తొందరగా ఆరే గుడ్డ, పాదం లోపలి వంపు దగ్గర నీరు కారిపోవడానికి చిన్న రంధ్రాలు, బురదను విదిల్చివేసేలా దూరదూరంగా ఉన్న లోతైన గాళ్లతో అడుగు. నీటిని రాకుండా ఆపాలనే పట్టుదలను వారు వదులుకున్నారు. వచ్చిన నీరు ఎంత త్వరగా పోతుందనేదే వారి ప్రశ్న అయింది. మన దుకాణాలలో మనం అడగవలసిన ప్రశ్న కూడా అదే.

“మా తాతలు చెప్పుల్లేకుండానే నడిచారు”

రెండవ మూఢత్వం దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది. ఈ మధ్య వాట్సాప్‌లలో వట్టి కాళ్ల నడకను దివ్యౌషధంగా ప్రచారం చేస్తున్నారు. భూమి స్పర్శ తగిలితే రక్తపోటు తగ్గుతుందట, చక్కెర తగ్గుతుందట. విహారయాత్రకు వెళ్లినవారు జలపాతం దగ్గర బూట్లు చేత పట్టుకొని బురదలో నడిచి ఫొటోలు దిగుతున్నారు. అదేమని అడిగితే, “మా తాతలు చెప్పుల్లేకుండానే నడిచారు కదా” అంటారు.

నడిచారు. ఆ తాతల రక్తం ఎంత పలచగా ఉండేదో నావంటి పాతతరం వైద్యుని అడగండి. కొంకిపురుగు పిల్లలు తడి మట్టిలో ఉండి, వట్టి పాదం చర్మాన్ని తొలుచుకొని లోపలికి పోతాయి. 1890లలో కైరోలో ఆర్థర్ లూస్ అనే జర్మన్ శాస్త్రవేత్త చేతి మీద ఆ పురుగు పిల్లలున్న నీరు పొరపాటున ఒలికింది. ఆ చోట దురద పుట్టింది; కొన్ని వారాల తర్వాత ఆయన మలంలో ఆ పురుగు గుడ్లు కనిపించాయి. అప్పటివరకు ఆ వ్యాధి నోటి ద్వారా మాత్రమే వస్తుందనుకునేవారు. పేగులలో చేరిన ఈ పురుగు రోజూ రక్తం తాగుతుంది. ముఖం పాలిపోయి, నాలుగడుగులకే ఆయాసపడే పల్లె స్త్రీలను, పిల్లలను నేను ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో ఎందరినో చూశాను. బహిరంగ మలవిసర్జన, వట్టి కాళ్లు, ఈ రెండూ కలిసిన చోట ఆ పురుగు రాజ్యమేలింది.

మరొక మాట కూడా చెప్పాలి. మన తాతలందరూ వట్టి కాళ్లను కోరి ఎంచుకోలేదు. నిజాం కాలపు తెలంగాణలో దొర గడీ ముందు నుండి పోయేటప్పుడు చెప్పులు విడిచి చేత పట్టుకోవలసిన బతుకులు ఉండేవి. 1946 నుండి 1951 దాకా సాయుధ పోరాటం సాగిన ఈ సూర్యాపేట ప్రాంతంలో ఆ జ్ఞాపకం ఇంకా ముసలివాళ్ల నోళ్లలో ఉంది. ఎవరి కాళ్లకు చెప్పులుండాలో ఎవరికి ఉండరాదో కులమూ భూమీ నిర్ణయించిన కాలమది. ఆ నిర్బంధాన్ని ఈనాడు ఆరోగ్య సంప్రదాయంగా పొగడడం చరిత్ర తెలియనితనం.

బురదలో కనబడని శత్రువులు

తడి మట్టిలో ఉండే ప్రమాదాలలో నాలుగింటిని ప్రతి పాఠకుడు గుర్తుంచుకోవాలి.

మొదటిది ఎలుక జ్వరం, వైద్య పరిభాషలో లెప్టోస్పైరోసిస్. ఎలుకల, పశువుల మూత్రంతో కలుషితమైన నీటి నుండి, బురద నుండి ఈ క్రిమి నానిన చర్మం గుండా, చిన్న గీతల గుండా ప్రవేశిస్తుంది. 2018 వరదల తర్వాత కేరళలో ఇది ప్రబలింది. అక్కడి ప్రభుత్వం ముందుజాగ్రత్తగా డాక్సీసైక్లిన్ మాత్రలు పంచింది. 2024 సెప్టెంబరు ఆరంభంలో మన కోదాడ వీధులు కూడా వరదలో మునిగాయి; నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. మురికి కాలువల నీరు, వరద నీరు ఒకటైన ఆ బురదలో వట్టి కాళ్లతో తిరగడం కొండ దారిలో నడవడం కన్నా ప్రమాదకరం. బురదలో తిరిగి వచ్చిన రెండు మూడు వారాలలోపు జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడడం కనిపిస్తే వెంటనే వైద్యుని దగ్గరికి వెళ్లండి. బురదలో తిరిగిన సంగతి మీరే చెప్పండి; ఆయన అడగకపోవచ్చు. మాత్రలు మాత్రం మీ అంతట మీరు మింగవద్దు.

రెండవది మెలియాయిడోసిస్. ఇది కూడా తడి మట్టిలోని క్రిమి వలన వచ్చేదే. మధుమేహం ఉన్నవారిని ప్రత్యేకంగా పట్టుకుంటుంది. క్షయ వ్యాధిలా, మామూలు చీముగడ్డలా కనిపించి వైద్యులను సైతం మోసగిస్తుంది.

మూడవది ధనుర్వాతం. మట్టిలోని మేకు గుచ్చుకుంటేనే కాదు, ముల్లు గుచ్చుకున్నా రావచ్చు. పదేళ్లకొకసారి టీకా వేయించుకున్నారో లేదో ప్రయాణానికి ముందు చూసుకోండి.

నాలుగవది పాముకాటు. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటు వలన ఏటా సగటున 58,000 మంది మరణించారని పరిశోధకుల అంచనా. బాధ ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. కాట్లలో ఎక్కువ భాగం కాళ్ల మీదనే పడతాయి. చీలమండను కప్పే గట్టి పాదరక్ష, చేతిలో టార్చిలైటు, ఈ రెండూ ఎన్నో ప్రాణాలను కాపాడగలవు. కరిచిన తర్వాత కట్లు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం పనికిరావు. కాలు కదపకుండా, విషవిరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చడమే చికిత్స.

పాదరక్షను ఎంచుకొనే పద్ధతి

రోగిని చూడకుండా మందు రాయరు. కాలినీ దారినీ చూడకుండా బూటు కొనరాదు. విహారయాత్రకు వెళ్లేవారికి నేను చెప్పేది ఇది.

అడుగుభాగం తిప్పి చూడండి. గాళ్లు లోతుగా, ఒకదానికొకటి దూరంగా ఉండాలి. దగ్గర దగ్గరగా ఉన్న గాళ్లలో బురద కూరుకుపోయి పదడుగులలోనే అడుగు నున్నగా మారుతుంది. పైభాగం వల వంటి గుడ్డతో తేలికగా ఉండాలి. కొనేముందు ఒక గ్లాసు నీళ్లు పోసి చూడనివ్వరు కాబట్టి, కొన్న తర్వాత ఇంట్లో తడిపి రాత్రి ఆరబెట్టి చూడండి. తెల్లవారేసరికి చాలావరకు ఆరితే అది బురద దారికి పనికివస్తుంది. తోలు బూట్లు, తోలు చెప్పులు వద్దు. నానితే ఆరవు, ఆరితే బిగుసుకుపోతాయి.

పాదాలు సాయంత్రానికి కొంచెం ఉబ్బుతాయి కనుక సాయంత్రమే కొనండి. దిగుడు దారిలో వేళ్లు ముందుకు కొట్టుకోకుండా బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండాలి. కొత్త బూటుతో యాత్రకు బయలుదేరవద్దు. కనీసం రెండు వారాలు ఊళ్లో నడవండి. సూర్యాపేట దగ్గరి ఉండ్రుగొండ గుట్ట ఉన్నదే అందుకు. అయిదేళ్ల క్రితం కొని అలమరలో దాచిన బూటును కూడా నమ్మవద్దు. వాడకపోయినా కొన్నిరకాల అడుగులు గాలిలోని తేమకు లోలోపల పెళుసుబారి, నడిరోడ్డు మీద ఊడి చేతికి వస్తాయి.

హవాయి చెప్పులు స్నానాల గదికే పరిమితం చేయండి. బురదలో చెప్పు అక్కడే ఉంటుంది, మనిషి ముందుకు పడతాడు. వృద్ధులకు తుంటి ఎముక విరిగేది ఇలాంటి చోటే. వాగులు ఎక్కువగా ఉన్న దారికి మడమ వెనుక పట్టీ ఉండి, వేళ్ల ముందు భాగం మూసి ఉన్న సాండల్ బూటు కన్నా మేలు. జలగలున్న పడమటి కనుమలకు మాత్రం మూసిన బూటు, మోకాలి దాకా వచ్చే దట్టమైన నేత మేజోళ్లు కావాలి. నూలు మేజోళ్లు నీటిని పట్టి ఉంచుతాయి. త్వరగా ఆరే రకం మూడు జతలు తీసుకెళ్లి, ఒక జత రాత్రి పడుకొనేటప్పటికే కేటాయించండి. రాత్రిపూట పాదాలు పూర్తిగా పొడిగా ఎనిమిది గంటలు ఉంటే, పగలంతా తడిసినా చర్మం కోలుకుంటుంది. ఖరీదైన బూటు కన్నా ఈ ఒక్క అలవాటు గొప్పది.

మధుమేహం ఉన్నవారు ముందుగా పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. సన్నని నైలాను దారంతో అయిదు నిమిషాలలో అయ్యే పరీక్ష అది. స్పర్శ లేదని తేలితే బురద దారులకు వెళ్లవద్దు. వాహనం వెళ్లినంతవరకు వెళ్లి, కొండను చూసి ఆనందించి రండి. వెళ్లక తప్పకపోతే రెండు గంటలకొకసారి బూటు విప్పి, కళ్లతో చూడండి. మీ పాదం మీకు చెప్పదు.

ఏ పాదరక్షా పొంగే వాగును దాటించదు. 2023 జూలైలో ములుగు జిల్లా ముత్యాలధార జలపాతం చూడబోయిన పర్యాటకులు అడవిలో చిక్కుకుపోతే సహాయ దళాలు వెళ్లి తీసుకురావలసి వచ్చింది. నీరు పెరిగితే ఆగండి.

నాలుగు రోజుల బురద, నాలుగు నెలల బురద

ఇంతవరకు చెప్పినదంతా నాలుగు రోజులు బురదలో నడిచేవారి కోసం. వారి కోసం దుకాణాలున్నాయి, ప్రకటనలున్నాయి, నావంటి వైద్యుని వ్యాసాలున్నాయి. ఏటా రెండు పంటలకు నాట్లు వేసి, కలుపు తీసి, నెలల తరబడి బురదలోనే ఉండేవారి కోసం ఏమున్నది?

1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ కింద వరి విస్తరించింది. మిర్యాలగూడ బియ్యం మిల్లులకు పేరు వచ్చింది. ఈ అరవై ఏళ్లలో కొత్త వంగడాలు వచ్చాయి, ఎరువులు వచ్చాయి, ట్రాక్టర్లు, వరికోత యంత్రాలు వచ్చాయి. నాటు వేసే స్త్రీ పాదం మాత్రం 1967లో ఎలా మడిలోకి దిగిందో ఇప్పుడూ అలాగే దిగుతున్నది.

నేను కూడా నిర్దోషిని కాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు అటువంటి పాదాలకు పూత మందు రాసి, “కాళ్లు తడవకుండా చూసుకో అమ్మా” అని చెప్పి పంపిన సందర్భాలు ఎన్నో. నాటు వేసే మనిషికి కాళ్లు తడవనివ్వద్దని చెప్పడం వైద్యం కాదు, పరిహాసం. ఒకరోజు ఒక పెద్దమ్మ, “మరి కూలి ఎవరిస్తరు సారూ?” అని అడిగింది. ఆ ప్రశ్నకు ఆనాడు నా దగ్గర జవాబు లేదు.

“గమ్ బూట్లు ఇచ్చినా వేసుకోరు, వాళ్లది మొండితనం” అనే మాట చదువుకున్నవారి నోట విన్నాను. అలా అనేవారు ఒక్కసారి దమ్ము చేసిన మడిలో గమ్ బూట్లతో దిగి చూడాలి. వదులైన బూటును బురద పీల్చి పట్టుకుంటుంది. కాలు వస్తుంది, బూటు రాదు. కూలీలు వాటిని వద్దనడం మొండితనం కాదు, అనుభవం. ఆ బూటు ఆ పనికి తయారైనది కాదు.

ఆ పనికి తగినది తయారు చేయడం అసాధ్యమా? జపాన్‌లో ఇషిబాషి సోదరుల సంస్థ 1923లో రబ్బరు అడుగు గల, కాలికి అంటుకొని ఉండే జికాతాబి అనే గుడ్డ పాదరక్షను బజారుకు తెచ్చింది. గని కార్మికులు, కూలీలు, రైతులు దానిని ధరించారు. ఆ సోదరులలో ఒకరే తర్వాత బ్రిడ్జ్‌స్టోన్ టైర్ల సంస్థను స్థాపించారు. ఆ దేశంలో వరినాట్ల కోసమే పిక్కను బిగుతుగా పట్టి ఉండే, బురద పీల్చినా ఊడిరాని పలుచని రబ్బరు బూట్లు ఉన్నాయి. మన ఎండకు, మన కూలీల కాళ్ల కొలతలకు తగినట్లు వాటిని మార్చుకోవడం రాకెట్టు పంపగల దేశానికి కష్టమైన పని కాదు. అడిగేవారు లేకనే అది జరగలేదు.

అందుకే అడుగుతున్నాను. వ్యవసాయ శాఖ యంత్రాలకు రాయితీ ఇస్తున్నది. నాటు పాదరక్షకు కూడా ఇవ్వాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయం దానిని కూలీల కాళ్లకే తొడిగి, వారు బాగున్నదన్న తర్వాతనే ఆమోదించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో నాట్ల కాలంలో వేళ్ల సందుల పూత మందు, ధనుర్వాతం టీకా సిద్ధంగా ఉండాలి. మడి యజమాని పని ముగిసిన చోట మంచినీళ్ల బిందె, సబ్బు, పొడిగుడ్డ పెట్టాలి. ఇది రేపే చేయవచ్చు, దీనికి జీవో అవసరం లేదు. పొద్దుగూకిన తర్వాత గట్ల మీద నడిచే ప్రతి మనిషికీ కాళ్లకు మూసిన బూటు, చేతికి టార్చి ఉండాలి. తగిన పాదరక్ష వచ్చేదాకా, మడిలో దిగేముందు పాదాలకు, వేళ్ల సందులకు కొబ్బరినూనె గాని వాసెలిన్ గాని దట్టంగా రాసుకోవడం, ఇంటికి రాగానే కడిగి పూర్తిగా తుడుచుకోవడం కొంత మేలు చేస్తుంది.

కోదాడ వ్యాపారి పుండు మానడానికి పది వారాలు పట్టింది. కాలు దక్కింది. ఈసారి యాత్రకు ముందు వచ్చి సాండల్ అడుగు తిప్పి నాకు చూపించాడు, మంచిదే కొన్నాడు. మిర్యాలగూడ అమ్మ కూడా ఈ మధ్య మనుమడితో వచ్చింది. నాట్లు అయిపోయాయి కనుక వేళ్ల సందులు ఆరాయి. చిట్లిన చోట నల్లని మచ్చలు మిగిలాయి. వచ్చే నాటుకు ఆమె మళ్లీ వట్టి కాళ్లతోనే దిగుతుంది. ఆమెకు చూపడానికి నా దగ్గర ఏ బూటూ లేదు.